పనిముట్ల పెట్టెలో మూడు కొలతల కథ

మన సంఘంలో బండి నడిపినవారు ఉన్నారు, బండి బాగుచేసినవారు ఉన్నారు, ఆ బండి లెక్కలు రాసినవారూ ఉన్నారు. ఉద్యోగ విరమణ తర్వాత వీరిలో చాలామందికి ఇంటి పక్కన ఒక చిన్న కారు షెడ్డు, అందులో ఒక కారో స్కూటరో, మూలన ఒక పాత ఇనుప పెట్టె మిగిలాయి. ఆ పెట్టెలో నలభై యాభై ఏళ్లుగా చేరిన స్పానర్లు, స్క్రూడ్రైవర్లు ఉంటాయి. తెలంగాణ జిల్లాల మిత్రులు స్పానర్లను పానాలంటారు. ఇప్పుడు కొడుకో అల్లుడో వంద పైచిలుకు ముక్కలున్న మెరిసే సెట్టు ఒకటి తెచ్చి, "ఆ పాత సామాను తీసి అవతల పారేయండి నాన్నగారూ" అంటారు. పారేయవచ్చునా? కొత్తది చాలునా? అసలు ఇంటి షెడ్డుకు ఏవేవి కావాలి? ఈ ప్రశ్నలకు జవాబు దుకాణంలో దొరకదు, చరిత్రలో దొరుకుతుంది. ఒకే పెట్టెలో ఉన్న మూడు రకాల స్పానర్లు మూడు దేశకాలాలకు చెందినవి. ఆ సంగతి తెలియక వాడితే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి, పట్టు జారి వేళ్ల కణుపులు చిట్లుతాయి.

వెయ్యేళ్ల నాటి పెట్టె

పనిముట్లను పెట్టెలో పెట్టుకోవడం మోటారు కాలపు అలవాటు కాదు. 1936లో స్వీడన్ దేశానికి చెందిన గోట్‌లాండ్ దీవిలో, మాస్టర్‌మీర్ అనేచోట నీరు తోడేసిన చిత్తడి నేలను దున్నుతున్న రైతు నాగలికి ఒక ఓక్ చెక్క పెట్టె తగిలింది. పొడవు దాదాపు 90 సెంటీమీటర్లు, వెడల్పు 26, ఎత్తు 24. చుట్టూ ఇనుప గొలుసు. అందులోనూ చుట్టుపక్కలా కలిపి రెండు వందలకు పైగా వస్తువులు దొరికాయి. సుత్తులు, పటకార్లు, ఆకురాళ్లు, రంపాలు, బరమాలు, గొడ్డళ్లు అన్నీ ఉన్నాయి. అది సుమారు వెయ్యేళ్ల క్రితం నాటి వైకింగుల కాలపు పెట్టె అని పండితులు తేల్చారు. సొంతదారు కమ్మరీ వడ్రంగీ రెండూ తెలిసినవాడై ఉండాలి.

ఆ పెట్టెలో మన పెట్టెలో ఉన్నవి చాలా ఉన్నాయిగాని ఒకటి మాత్రం లేదు. అదే స్పానరు. కారణం సులభం. ఆనాడు నట్టూ బోల్టూ లేవు. సుత్తికి కొలత అక్కర్లేదు, ఏ మేకునైనా కొడుతుంది. ఆకురాయికి కొలత అక్కర్లేదు, ఏ ఇనుమునైనా రాస్తుంది. స్పానరు ఒక్కటే ఇంకొకరు నిర్ణయించిన కొలతకు కట్టుబడిన పనిముట్టు. కాబట్టి దాని కథ నట్టు కథతోనే మొదలవుతుంది.

విట్‌వర్త్ దొరగారి లెక్క

ఇంగ్లండులో యంత్రాలు పుట్టిన తొలి రోజులలో ఏ కార్ఖానా మర దానిదే. ఒక కార్ఖానాలో చేసిన బోల్టుకు పక్క కార్ఖానా నట్టు ఎక్కేది కాదు. బోల్టు పోతే యంత్రం చేసినవారి దగ్గరికే పోవాలి. లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే దగ్గర పని నేర్చి 1833లో మాంచెస్టరులో సొంత కార్ఖానా పెట్టిన జోసెఫ్ విట్‌వర్త్ దీనికి ఒక ఉపాయం చేశాడు. దేశంలోని అనేక కార్ఖానాల నుంచి బోల్టులు తెప్పించి, వాటి కొలతలు తీసి, సగటు కట్టాడు. మర పళ్ల కోణం 55 డిగ్రీలుగా నిర్ణయించి, ఎంత లావు బోల్టుకు అంగుళానికి ఎన్ని మరలు ఉండాలో పట్టిక వేశాడు. 1841లో ఆ పట్టికను సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు ఉంచాడు. బ్రిటిష్ రైల్వేలు దాన్ని అందుకున్నాయి. రైలుతో పాటు అది మన దేశానికీ వచ్చింది.

ఇక్కడొక చిక్కు ఉన్నది. విట్‌వర్త్ స్పానరు మీద వేసిన అంకె దాని నోటి వెడల్పు కాదు, బోల్టు కాడ లావు. 1/4 అని రాసి ఉన్న విట్‌వర్త్ స్పానరు నోరు నిజానికి 0.525 అంగుళం, అంటే 13.3 మి.మీ. చిల్లర. ఆ తర్వాత 1908లో మోటార్ల వంటి అదిరే యంత్రాల కోసం సన్న మరల పద్ధతి, బి.ఎస్.ఎఫ్., వచ్చింది. అందులో తలలు ఒక సైజు చిన్నవి. అందుకే పాత స్పానర్ల మీద ఒకే చివర 1/4 డబ్ల్యు, 5/16 బి.ఎస్.ఎఫ్. అని రెండు అంకెలు కనబడతాయి. రెండూ ఒకే నోటికి పేర్లు.

అమెరికా దారి, యుద్ధం నేర్పిన పాఠం

అమెరికాలో 1864లో విలియం సెల్లర్స్ అనే ఫిలడెల్ఫియా యంత్ర నిర్మాత ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో తన పద్ధతిని ప్రకటించాడు. కోణం 60 డిగ్రీలు, మర పంటి కొన గుండ్రానికి బదులు చదును. మామూలు పనివాడు కూడా సులువుగా కోయగలడని అతని వాదన. ఐరోపా ఖండంలోని దేశాలు 1898లో జూరిచ్ నగరంలో సమావేశమై మిల్లీమీటర్ల మరకు ఒక ఒప్పందం చేసుకున్నాయి. అక్కడా కోణం 60 డిగ్రీలే. ఆ విధంగా లోకంలో మూడు కుటుంబాలు ఏర్పడ్డాయి.

వీటి కలగాపులగానికి మంచి ఉదాహరణ మోరిస్ కారు. 1923లో విలియం మోరిస్ కవెంట్రీలోని హాచ్‌కిస్ అనే ఫ్రెంచి సంస్థ ఇంజన్ల కార్ఖానాను కొన్నాడు. అక్కడి యంత్రాలన్నీ మిల్లీమీటరు మరలు కోసేవి. వాటిని మార్చడం ఖర్చు. కాని ఇంగ్లండు మెకానిక్కుల చేతిలో ఉన్నవి విట్‌వర్త్ స్పానర్లు. కాబట్టి మర మిల్లీమీటర్లలో, తల విట్‌వర్త్‌లో ఉన్న బోల్టులు తయారుచేశారు! స్పానరు సరిపోయింది కదా అని అంగడిలో కొన్న బోల్టు పెడితే మర చెడిపోయేది.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చింది. బ్రిటన్, అమెరికా, కెనడా ఒకే పక్షాన పోరాడుతున్నా ఒకరి బోల్టు ఇంకొకరి ట్యాంకుకు ఎక్కదు. విడి భాగాలు రెండేసి రకాలు సముద్రాలు దాటించాలి. ఆ అనుభవంతో 1948 నవంబరు 18న వాషింగ్టన్‌లో మూడు దేశాలు ఏకీకృత మరకు సంతకాలు చేశాయి. కోణం 60 డిగ్రీలు, కొలత అంగుళాలు. దీని స్పానరు మీద అంకె నోటి వెడల్పునే చెబుతుంది. నట్టుకు ఎదురెదురుగా ఉన్న రెండు చదును ముఖాల మధ్య దూరం అన్నమాట. దానినే ఏ.ఎఫ్. అంటారు, అంటే అక్రాస్ ఫ్లాట్స్.

ఇప్పుడు తేడా చూడండి. 7/16 ఏ.ఎఫ్. స్పానరు నోరు 11.1 మి.మీ. 7/16 విట్‌వర్త్ స్పానరు నోరు 20.8 మి.మీ. అంకె ఒకటే, నోరు దాదాపు రెట్టింపు. పాత పెట్టెలో చెయ్యి పెట్టి "7/16 ఇటు ఇయ్యి" అంటే కుర్రవాడు ఏది ఇస్తాడో దేవుడికే తెలియాలి.

మన షెడ్లలోకి వచ్చిన తీరు

హైదరాబాదు రాజ్యంలో 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఆనాటి ఆల్బియన్ బస్సులు స్కాట్లండులోని గ్లాస్గోలో తయారయినవి. బ్రిటిష్ బండి వెంట బ్రిటిష్ కొలతా వచ్చింది. 1948లో మద్రాసులో పుట్టిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. అదీ ఇంగ్లండు సంబంధమే గనుక అంగుళాల లెక్కే. కాని 1954లో టాటావారు జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం ప్రారంభించారు. జర్మనీ అంటే మిల్లీమీటర్లు. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడిన నాటికే దేశపు రోడ్ల మీద రెండు కుటుంబాల బండ్లు పక్కపక్కన నడుస్తున్నాయి. లేలాండ్‌కు ఒక సెట్టు, టాటాకు ఇంకో సెట్టు ఎందుకని కొత్తగా చేరిన కుర్రవాళ్లు అడిగే ప్రశ్నకు ఇదే జవాబు.

సొంత బండ్లలోనూ అంతే. ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డుకు వారసురాలు. దానికి ఏ.ఎఫ్. స్పానర్లు కావాలి. బొంబాయి ప్రీమియర్ వారి ఫియట్ ఇటలీది, దానికి మిల్లీమీటర్లు. 1955 నుంచి మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టు పాత బ్రిటిష్ మరలతో వచ్చింది. మైసూరు జావా చెకొస్లొవాకియాది, బజాజ్ వెస్పా ఇటలీది. ఈ రెండింటికీ మిల్లీమీటర్లే. ఒకే వీధిలో నాలుగు ఇళ్లలో నాలుగు బండ్లుంటే మూడు రకాల స్పానర్లు కావలసి వచ్చేవి.

ప్రభుత్వం 1956లో తూనికలు కొలతల చట్టం చేసి దేశాన్ని మెట్రిక్ పద్ధతికి తిప్పింది. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు, 1958 అక్టోబరు నుంచి కిలోగ్రాములు వచ్చాయి. అణాలు, శేర్లు కొద్ది ఏళ్లలో పోయాయి. అంగుళాల బోల్టు మాత్రం అంత త్వరగా పోలేదు. తక్కెడలో రాయి మార్చినంత సులువుగా ఇంజను బ్లాకులో మర మార్చలేరు. ఆ ఇంజను తిరిగినన్నాళ్లూ దాని కొలత బ్రతికే ఉంటుంది. 1947లో స్థాపించిన భారత ప్రమాణాల సంస్థ స్పానర్లకు కూడా ప్రమాణాలు వేసింది. రెండు నోళ్ల స్పానరుకు ఐ.ఎస్. 2028, రింగు స్పానరుకు ఐ.ఎస్. 2029. కొనేటప్పుడు ఈ అంకె, దాని వెంట ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదో లేదో చూడడం మంచి అలవాటు.

మారుతి తర్వాత

1983 డిసెంబరు 14న మారుతి 800 మొదటి కారు తాళాలు చేతులు మారాయి. దానితో జపాను కొలత మన ఇంటి షెడ్లలోకి వచ్చింది. అదీ మిల్లీమీటరే గాని చిన్న మెలిక ఉన్నది. 8 మి.మీ. బోల్టుకు ఐరోపా పద్ధతిలో తల 13, జపాను పద్ధతిలో 12. 10 మి.మీ. బోల్టుకు పాత జర్మన్ లెక్కలో 17, ఆ తర్వాతి అంతర్జాతీయ లెక్కలో 16, జపాను లెక్కలో 14. 12 మి.మీ. బోల్టుకు వరుసగా 19, 18, 17. కాబట్టి జపాను సంబంధమున్న కారుకూ మోటారు సైకిలుకూ 10, 12, 14, 17 అంకెలు ఎక్కువగా పనికొస్తాయి. ఐరోపా సంబంధమున్న బండికి 10, 13, 16 లేక 17, 18 లేక 19 కావాలి. వంద ముక్కల సెట్టులో ఏవి ఉన్నాయని కాక, నా బండికి కావలసిన ఈ నాలుగైదు ఉన్నాయా అని చూడాలి.

స్క్రూలలోనూ ఈ మెలిక ఉన్నది. ప్లస్ గుర్తు స్క్రూను అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్ ప్రచారంలోకి తెచ్చాడు. 1936లో దానికి పేటెంటు వచ్చింది. స్క్రూడ్రైవరు మొన తనంతట తానే మధ్యకు కుదురుకోవడంతో కార్ల కార్ఖానాలలో యంత్రాలతో బిగించడానికి అనువైంది. జపాను వారి ప్లస్ గుర్తు చూడడానికి అలాగే ఉంటుందిగాని గాడి ఆకారంలో తేడా ఉంటుంది. ఫిలిప్స్ మొన దానిలో పూర్తిగా దిగదు, గట్టిగా తిప్పితే పైకి తన్నుకొచ్చి గాడిని తినేస్తుంది. చాలా జపాను స్క్రూల తల మీద చిన్న చుక్క ఉంటుంది, అదే గుర్తు. కార్బురేటరు స్క్రూలు పాడైన పాత మోటారు సైకిళ్లను చూసినవారికి ఈ మాట నమ్మకం కుదురుతుంది.

పెట్టెలోని తక్కిన చుట్టాలు

అడ్జస్టబుల్ స్పానరు ఈనాడు మనమెరిగిన రూపాన్ని స్వీడన్ వాసి యోహాన్ పీటర్ యోహాన్సన్ 1890 ప్రాంతంలో ఇచ్చాడు. సైజుల గొడవ భరించలేకనే అది పుట్టింది. ఒక్కటి ఉంటే మంచిదే గాని అది అవసరానికే, రోజువారీ పనికి కాదు. దాని దవడ కొంచెం వదులైనా నట్టు మూలలను తినేస్తుంది.

బాక్సు స్పానర్లు పూర్వం ఒక్కో సైజుకు ఒక్కో పిడితో కలిపి వచ్చేవి. 1920లో అమెరికాలోని మిల్వాకీలో జోసెఫ్ జాన్సన్, విలియం సీడెమన్ అనే ఇద్దరు 5 పిడులు, 10 సాకెట్లు విడివిడిగా చేసి, ఏ పిడికి ఏ సాకెట్టయినా తగిలేలా అమ్మారు. యాభై పనిముట్ల పని పదిహేను ముక్కలతో జరిగింది. స్నాప్-ఆన్ సంస్థ అలా మొదలైంది. ఈనాటి సాకెట్ సెట్టుకు మూలం అదే. ముక్కలు తగ్గించడానికి పుట్టిన ఆలోచన చివరికి వంద ముక్కల సూట్‌కేసు కావడం ఒక వింత.

ఎలెన్ కీ కథ మన కార్మికులందరూ తెలుసుకోదగ్గది. ఒకప్పుడు కార్ఖానాలలో తిరిగే ఇరుసుల మీద కప్పీలను బిగించే స్క్రూలకు చతురపు తల బయటికి పొడుచుకు ఉండేది. పనివాడి చొక్కా చేయో ధోవతి అంచో దానికి తగిలితే మనిషిని లోపలికి లాగేసేది. అమెరికాలోని హార్ట్‌ఫర్డులో విలియం ఆలెన్ 1910లో తల లేని స్క్రూకు పేటెంటు తీసుకున్నాడు. గాడి లోపలే ఉంటుంది, ఆరు పలకల కడ్డీతో తిప్పాలి. ఆ కడ్డీయే ఎలెన్ కీ. ఆ సంస్థ తన స్క్రూను 'సేఫ్టీ' స్క్రూ అనే అమ్మింది.

బిగువును కొలిచే టార్క్ రెంచి న్యూయార్క్ నగర నీటి సరఫరా శాఖ ఉద్యోగి కాన్రాడ్ బార్ ఆలోచన. నీటి గొట్టాల బోల్టులను పనివాళ్లు మరీ బిగించి విరగ్గొడుతుంటే 1918లో దాన్ని తయారుచేశాడని చెబుతారు. మన వాడుకలోని స్టెప్నీ అనే మాట కూడా ఇలాంటిదే. 1904లో వేల్స్ దేశంలోని లానెల్లీ ఊళ్లో, స్టెప్నీ వీధిలో, డేవీస్ సోదరులు అదనపు చక్రం అమ్మడం మొదలుపెట్టారు. ఆ వీధి పేరు నూరేళ్లు దాటినా మన నోట మిగిలింది.

ఇంటి షెడ్డుకు ఏవి కావాలి?

ఇంత చరిత్ర చెప్పినది ఈ ప్రశ్న కోసమే. ముందుగా మీ బండి ఏ కుటుంబమో తెలుసుకోండి. కొత్త కార్లన్నీ మిల్లీమీటర్లే. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఆ బండిగాని పాత బుల్లెట్టుగాని మీ దగ్గర ఉంటే తప్ప అంగుళాలవి కొత్తగా కొననక్కరలేదు.

డబుల్ ఎండ్ స్పానర్లు, రింగు స్పానర్లు 8 నుంచి 19 వరకు ఒక్కో సెట్టు. బిగుసుకున్న నట్టుకు మొదట రింగు వాడండి, అది నట్టును అన్ని మూలలా పట్టుకుంటుంది. డబుల్ ఎండ్ స్పానరు రెండు ముఖాలనే పట్టుకుంటుంది, వదులయ్యాక తిప్పడానికి మంచిది. అర అంగుళం పిడి సాకెట్ సెట్టు చిన్నది ఒకటి. ఇక్కడొక తమాషా. సాకెట్లన్నీ మిల్లీమీటర్లలో ఉన్నా పిడి చతురపు మొన మాత్రం ఈనాటికీ అంగుళాలలోనే చెలామణి అవుతోంది. సాకెట్టు లోపల పన్నెండు మూలలకు బదులు ఆరు మూలలున్నది తీసుకోండి, పాత నట్టు మీద జారదు. ప్లగ్ స్పానరు మీ బండి ప్లగ్గుకు తగినది. పాత వాటికి 21, కొత్త వాటికి 16 లేక 14 ఉంటుంది. స్క్రూడ్రైవర్లు ప్లస్‌లో రెండు, మైనస్‌లో రెండు. కటింగ్ ప్లేయర్, ముక్కు ప్లేయర్, అర కిలో సుత్తి, హాక్‌సా, ఒక ఆకురాయి, ఎలెన్ కీల సెట్టు, టైరు గాలి చూసే గేజి, టెస్టు ల్యాంపు. దీనితో ఇంట్లో చేయదగ్గ పనులన్నీ అవుతాయి. మొదట ఇవి నాణ్యమైనవి కొని, తక్కినవి అవసరం వచ్చినప్పుడు ఒక్కొక్కటే చేర్చుకోవడం మంచిది. స్పానరు మీద క్రోమ్ వెనేడియం అని రాసి ఉంటే సరిపోదు. నోరు నట్టుకు పెట్టి ఆడించి చూడండి, కదలిక దాదాపు ఉండకూడదు.

ఒక్క విషయంలో పొదుపు వద్దు. జాకీ బండిని ఎత్తడానికే, ఆపి ఉంచడానికి కాదు. స్టాండ్లు లేకుండా బండి కిందికి దూరవద్దు. ఇది డిపోలో పాటించిన నియమమే. ఇంటికి వచ్చాక సడలించడానికి కారణమేమీ లేదు. విద్యుత్ కారయితే నారింజ రంగు తీగల జోలికి పోవద్దు. వాటిలో ప్రాణం తీసే ఓల్టేజి ఉంటుంది.

పెట్టె సంగతి

చెక్క పెట్టెల కాలంలో పనివాడు తన పెట్టెను తానే చేసుకునేవాడు. 1906లో అమెరికాలోని డేటన్ నగరంలో హ్యారీ గెర్‌స్ట్‌నర్ అనే కుర్రవాడు పని నేర్చుకునే రోజులలో తనకోసం సొరుగుల పెట్టె చేసుకుంటే, తోటివారు తమకూ కావాలన్నారు. అది వ్యాపారమైంది. మన దగ్గర రేకుతో చేసిన, మెట్లలా విచ్చుకునే అయిదు అరల పెట్టె ఎక్కువ. మూత తీయగానే అన్నీ కంటికి కనబడడం దాని గొప్ప. బరువు దాని లోపం. నిండుగా నింపిన పెట్టెను అరవై దాటిన నడుము ఎత్తకూడదు. ఒక పెద్ద పెట్టెకు బదులు రెండు చిన్నవి పెట్టుకోండి. రోజూ వాడేవి ఒకదానిలో, ఎప్పుడో కావలసినవి ఇంకొకదానిలో. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అడుగున నూనె గుడ్డ తప్పనిసరి.

పాతవాటిని పారేయవద్దు

చివరిగా ఒక మనవి. మన తరం వెళ్లాక ఈ పెట్టెల గతి ఏమిటి? చాలా ఇళ్లలో పాత ఇనుప సామాను వాడు వచ్చి కిలోల లెక్కన తూచుకుపోతున్నాడు. విట్‌వర్త్ స్పానరు అతనికి ఇనుప ముక్క. పాత ఎన్‌ఫీల్డునో, తాతగారి మోరిస్‌నో ప్రాణంలా చూసుకునే కుర్రవాళ్లకు అది వెతికినా దొరకనిది. బండి ఉన్నా దాని కొలత స్పానరు లేకపోతే నట్టు విప్పలేరు.

కాబట్టి ఒక మధ్యాహ్నం తీరిక చేసుకుని పెట్టె బోర్లించండి. మూడు కుప్పలు పోయండి. విట్‌వర్త్ ఒకటి, ఏ.ఎఫ్. ఒకటి, మిల్లీమీటర్లు ఒకటి. ఒక్కో కుప్పను గుడ్డలో చుట్టి, ఒక అట్టముక్క మీద ఇవి ఏ బండివో, నోరు ఎంతో రాసి కట్టండి. మిల్లీమీటర్లవి మనవడికి ఇవ్వండి, వాడటం దగ్గరుండి నేర్పండి. మిగిలిన రెండూ అవసరమున్నవారికి చేర్చండి. మీ జిల్లాలో ఎవరి దగ్గర ఏమున్నదో, ఎవరికి ఏమి కావాలో మన సంఘం కార్యాలయానికి ఒక కార్డు ముక్క రాసినా చాలు. మనం చేసిన పని బండ్లతో పాటు తుక్కు కావచ్చు. ఏ నట్టుకు ఏ స్పానరో చెప్పగల తెలివి తుక్కు కానక్కరలేదు.